తలా ఒక గంట

పొగ గదుల వెనక, ఆఫీసనే ఆ ఇరుకులో
బల్ల కింది కంప్యూటర్ మూత విప్పితే
దుమ్ముకి కూడా హాడక్ చేప వాసన.
ఫ్యాన్ రెక్కల మీద ఓక్ పొట్టు మసి,
వేలితో గీస్తే వేలిని వదలనంత జిడ్డు.

గ్రిమ్స్‌బీ రేవులో ఫిబ్రవరి శనివారం.
స్టూలు మీద విల్మా థర్ల్‌వెల్,
ఒళ్లో నేను విప్పిన మరల సాసరు.
"ఒక్క పెట్టెలో మూడు కాపురాలా?" అన్నట్టు చూసింది.
ఒక ఒరలో రెండు కత్తులు, అనబోయి
మింగేశాను. ఆవిడ గోడ మీద
ఒకే అయస్కాంతప్పట్టీకి ఏడు కత్తులు
ఒకదాన్నొకటి తాకకుండా వేలాడుతున్నాయి.

పాత డిస్కు ఉండి తీరాలి.
లేబుళ్ల మిషను వినేది దాని మాటొక్కటే,
ఆ మిషను చేసిన కంపెనీ మూతపడి పదకొండేళ్లు.
కొత్త డిస్కు పన్నుల లెక్కలకి.
మూడోది నేను జేబులో వేసుకొచ్చింది, పెంగ్విన్ బొమ్మది,
పొగగూటి వేడిని రాత్రంతా కూర్చుని రాసుకునేందుకు.

మొదటిసారి తప్పు చేశాను.
పాతదాని తీగ ఊడదియ్యకుండా
కొత్తదాన్ని ఎక్కించాను.
సామానంతా తన గదిలోనే సర్దుకుంది గానీ
గడప మాత్రం పాతదాని వాకిట్లో వేసుకుంది.
పాతదాన్ని తీసి చూద్దును గదా
నల్లటి తెర, మూల ఒక తెల్ల గీత
ఆరుతూ, వెలుగుతూ.
ఇల్లుంది. లోపలికి దారి లేదు.

మళ్లీ మొదలు.
ఒకదానికి నీళ్లు పోస్తుంటే
మిగతా రెండిటినీ వీధిలోకి పంపేసినట్టు
తీగలు లాగి పక్కన పెట్టడం,
అయ్యాక అది పడుకోబెట్టి ఇంకోదాన్ని పిలవడం.
ఏ తీగ ఎవరిదో చేపపెట్టెల చీటీల మీద రాసి
విల్మాయే దారంతో కట్టింది.
చీకటి పడ్డాక మూడు పేర్లూ తెర మీద
ఒకదాని కింద ఒకటి, బుద్ధిగా.
కూలీ కింద రెండు హాడక్‌లు, కాగితంలో చుట్టి.
క్లీథోర్ప్స్ దాకా బస్సులో
నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

మార్చి ఆఖరి ఆదివారం దేశమంతా గడియారాలు
ఒక గంట ముందుకి జరుపుకుంది.
మర్నాడు పొద్దున్నే ఫోను:
"నా చేపలు ఇంకా పొగలోనే ఉన్నాయి,
లేబుళ్లేమో అవి ఎప్పుడో బయటికొచ్చాయంటున్నాయి."

ఇంటర్నెట్ తీగ లేని గది కదా, అడిగి తెలుసుకునే దిక్కు లేదు.
ముందు లేచిన పాతది, బాధ్యత గలది, గంట జరిపింది.
లెక్కల కోసం లేచిన కొత్తది
ఎవరూ జరపలేదనుకుని తనూ జరిపింది.
పెంగ్విన్ దాన్ని గ్రీనిచ్ సమయమనుకుని
మరో గంట కలుపుకుని చూపించింది.
ఆరింటికి తొమ్మిది.
చలికాలమంతా ఒక్క మాట తేడా రాలేదు వీటికి.
ఎవరి తప్పూ లేదు, అదే చిరాకు.
ముగ్గురూ సాయమే చేశారు.

ఇద్దరికి చెప్పాను, గంట జోలికి పోవద్దని.
పెత్తనం పాతదానికే ఇచ్చాను,
లేబుళ్లు కొట్టేది అదే గనక.

తర్వాత ఇద్దరం వంగి కూర్చుని
ఇరవై రెండు పెట్టెల మీది లేబుళ్లు గోళ్లతో గోకాం.
జిగురు పోలేదు.
తలుపు పైన విల్మా గోడ గడియారం
ఒక గంట వెనకే కొట్టుకుంటోంది.
సరిచెయ్యనా, అని స్టూలు జరిపాను.
"ముట్టుకోకు," అంది. "అక్టోబర్‌కి అదే దారికొస్తుంది."