ఒక్క విజిల్

ఓడెక్కుతున్ననంటే సాంబలక్ష్మక్క నవ్వలే.
హన్మకొండ బస్టాండు కాడ చాయ్ పక్కకు జరిపి
నా పర్సు బోర్లించింది.

"పైసలన్నీ ఒక్కతాన పెడతరా?
మేడారం జాతరల నా సంచి కోసినోడికి
సగం కలెక్షనే దొరికింది.
మిగతాది యాడుండెనో నీకు గూడ చెప్ప."

పాస్‌పోర్టు జిరాక్సు జాకెట్ల కుట్టించింది.
గొలుసు ఇంట్లనే ఇడిపించింది.
గడియారం ఓడ టైముకే ఉండాలె,
రేవు టైముకు తిప్పొద్దన్నది.
"పరకాల రూటుల ఉరికొచ్చేటోళ్ళ కోసం
ఎన్నిమార్లు బస్సాపిన్నో.
ఓడ ఆగది చెల్లే."

ఆఖరికి తన విజిల్ చేతుల పెట్టింది,
ముప్పై ఏండ్ల పండ్ల గాట్లతోటి.

కొలంబోల ఆటోల కూసున్న.
ఎడమకున్న సముద్రం
ఒక మలుపు కాడ మాయమైంది.
"షార్ట్‌కట్" అన్నడు అద్దంల చూసుకుంట.
రెండంటే పోనీ, ఒక్కటంటే ఆపు:
ఈయనకెట్ల తెలుస్తది?

ఒక్కటే ఊదిన.
ఆగింది.

దిగి, జనమున్న రోడ్డు పట్టుకొని నడిచిన.
అది నిజంగ షార్ట్‌కట్టో కాదో
ఇప్పటికీ తెల్వదు.

మళ్ళ అదే బస్టాండు, అదే బెంచి.
"ఎన్ని ఊదినవ్?"
"ఒక్కటి."
కొంగుతోని తుడిచి
సంచిల ఏసుకున్నది.