వెచ్చటి నకలు

పర్లాకిమిడి కోర్టు ఎదురుగా
మా జిరాక్సు కొట్టు.
ఒకవైపుకి రెండు రూపాయలు, రెండు వైపులకీ మూడు.
బోర్డు మీద ఒడియా పైన, తెలుగు కింద,
నా చేతిరాత కాబట్టి రెండూ వంకరే.

పాతపట్నం నుంచి మొదటి బస్సు వచ్చాక
మనుషులు కాగితాలై వస్తారు.
గాజు మీద బోర్లా పడుకుంటారు.
పచ్చటి వెలుగొకటి
వాళ్ళ కింద నుంచి పాక్కుంటూ పోతుంది.

కథలు రాస్తానని ఎవరికీ చెప్పలేదు.
చెబితే జనం
ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు.

కాగితంలో ఉన్నది నేను ముట్టుకోను.
పేరు, ఊరు, పుట్టిన తేదీ, అవి వాళ్ళవి.
అవీ సరిగ్గా ఉండవు లెండి:
తెలుగు తవిటమ్మ
ఒడియా కార్డులో తబిటమా అయిపోతుంది,
ఊరికి ఊరే జనవరి ఒకటిన పుడుతుంది.

నేను దొంగిలించేది అంచుకి బయట ఉన్నది,
మిషనుకి అందనిది.

గుమ్మా కొండల నుంచి దిగిన సవర కుర్రాడు
తన ఫొటో నల్లగా పడిందని
వేలితో తుడిచి చూసుకోవడం.
కొమ్ముతో కొంగలు చెక్కే మహారణా గారు
చిల్లర ఇస్తూ ప్రతి బిళ్ళనీ గోటితో గీకడం,
లోపల ఏం దొరుకుతుందనో.
ఒక ప్లీడరు గుమస్తా
ఓడిన కేసు కట్టని
గెలిచినదాని కంటే గట్టిగా ముడివెయ్యడం.

రాత్రి షట్టరు దించి
పాడైన కాగితాల వెనక రాసుకుంటాను.
ఒకరి దగ్గు ఇంకొకరి గొంతులో పెడతాను.
ఒక్కోసారి అతకదు.
గుమస్తా ముడి కొండ కుర్రాడి చేతికిస్తే
మూడు రోజులు కథ కదలనంది.

పోయిన మాఘంలో, చలికి,
ఒకామె వచ్చింది. ఒకటే కాగితం.
నకలు చేతికిస్తే చూసుకోలేదు,
మడవలేదు,
వెచ్చగా ఉంది కదాని
చెంపకి ఆనించుకుంది.
అర నిమిషం కళ్ళు కూడా మూసుకుంది.
వెనక లైనులో ఎవరో విసుక్కున్నారు.

ఆ చెంప నాకు కావాలి.
తీసుకున్నాను.
కథలో ఆ వెచ్చదనానికో కారణం ఉండాలి కదా,
అందుకని
ఆమె మొగుణ్ణి చంపేశాను.
మహేంద్రతనయ వరదలో, మూడో పేజీలో,
శవం కూడా దొరకనివ్వలేదు.
బాగా కుదిరిందనుకుని కమ్మగా నిద్రపోయాను.

మొన్న గురువారం
ఆమె మళ్ళీ వచ్చింది.
పక్కన మొగుడు.
పొట్టిగా, జామకాయ తింటూ,
తెగిన చెప్పు ఈడుస్తూ,
బతికి!
"బేగి తియ్యి బాబూ, మా ఆయన బస్సుకి టైమైపోతంది."

నాకు చేతులు ఆడలేదు.
కాగితం తిరగేసి పెట్టాను, తెల్ల నకలొచ్చింది.
మళ్ళీ పెట్టాను.
అతను ఉప్పద్దిన ముక్కొకటి
బల్ల మీద నా వైపు తోశాడు.
నేను చంపిన మనిషి పెట్టిన జామకాయ
తిన్నాను.

నాలుగు కాపీలకి ఎనిమిది.
ఆరే తీసుకున్నాను.
రెండు రూపాయలు, పాపానికి.

ఆమె మెట్లు దిగి, వేళ్ళు మడిచి,
వెనక్కొచ్చింది.
"లెక్క తప్పిపోనావు బాబూ."
కొంగు ముడి పళ్ళతో విప్పి
బిళ్ళని గాజు మీద పెట్టింది, చప్పుడు కాకుండా,
నిద్రపోతున్న పిల్లకి బొట్టు పెట్టినట్టు.

మూడో పేజీ చింపేశాను.
ఆయన్ని ఒడ్డుకి లాగాను, జామకాయతో సహా.
ఇప్పుడా చెంపకి కారణం ఏమీ లేదు.
చలేసింది, అంతే.

బిళ్ళ గల్లాలో వేశాను.
అది పెట్టిన తీరు
ఎవరి చేతికివ్వాలో
ఇంకా తేలలేదు.