ఎడమ ముందు మూల

నాగోలు చౌరస్తాలో బ్రేక్ వేస్తే
నెత్తిమీది లైటులోంచి
చెంచాడు నీళ్ళు నా ఒళ్ళో పడ్డాయి.
వెనక బస్సు హారన్.
నవ్వొచ్చింది. రాకేం చేస్తుంది,
సెకండ్‌హ్యాండ్ బండికి సన్‌రూఫ్ ఉందని
నలభై వేలు ఎక్కువ పోసి కొన్నదాన్ని.

ఎన్నిసార్లు తెరిచానో వేళ్ళ మీద చెప్పగలను.
ఎండాకాలం మాడు కాలుతుంది,
చలికాలం దుమ్ము,
వానాకాలం తెరవకుండానే తెరుచుకుంది.

కాళ్ళ కింద కార్పెట్ నొక్కితే
నానిన అటుకుల్లా మెత్తగా.
వాసన మాత్రం అటుకులది కాదు.
శ్రీనిక ముక్కు మూసుకుని
"మమ్మీ, కార్లో కప్ప చచ్చింది" అంది.

సర్వీస్ సెంటర్ పిల్లవాడు
టాబ్లెట్ మీద వేలు జరుపుతూ
"అసెంబ్లీ మొత్తం మార్చాలి మేడమ్,
ముప్పై ఎనిమిది వేలు, జీఎస్టీ వేరే" అన్నాడు.
కోళ్ళ దాణా కంపెనీలో
పైసా పైసా టాలీ చేసి బతికేదాన్ని.
ఆ "వేరే" దగ్గరే లేచి వచ్చేశాను.

ఆదివారం వాన కాస్త తెరిపిచ్చింది.
సెల్లార్లో మోకాటి లోతు నీళ్ళు,
కార్లన్నీ గల్లీలోనే.
సిలికాన్ ట్యూబు తెచ్చి అద్దం చుట్టూ పూశాను,
కేకు మీద క్రీములా.
ఆరాక మగ్గుతో నీళ్ళు పోశాను.
అదే చుక్క. అదే చోటు.

రెండో అంతస్తు జబ్బార్ భాయ్
కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి,
చాయ్ సాసరుతో గేటు దగ్గర నిలబడి
చాలాసేపు చూశాడు.
"నీళ్ళు రాకుండ చేస్తున్నవా బేటీ?
అవి ఎట్లైనా వస్తయి.
పొయ్యే తొవ్వ యాడుందో చూడు."

అద్దం వెనక్కి జరిపి టార్చి వేశాను.
చుట్టూ వేలెడు సన్నటి కాలువ,
నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు,
శనగగింజ పట్టనంత.
రబ్బరు గోడ కాదట, పరదా అట.
తడి లోపలికి వస్తుందని
చేసినవాడికి ముందే తెలుసు.
మూడేళ్ళుగా నా బండి స్తంభాల లోపల
వాగు ఒకటి పారుతోందని
నాకే తెలియదు.

కుడి మూలలో గ్లాసుడు పోశాను.
ఐదు లెక్కపెట్టేలోగా టైరు పక్కన చుక్కలు.
ఎడమ మూలలో పోశాను.
అక్కడే నిలబడి, బుల్లి కుంటలా
ఆకాశాన్ని చూపించింది.

భాయ్ పాత సైకిలు బ్రేకు వైరు తెచ్చాడు,
కొన గుండ్రంగా అరగదీసి, మిషన్ నూనెలో ముంచి.
"పంపుతోని గాలి కొట్టకు, లోపల పైపు ఊడుతది.
మెల్లగ అడుగు."
జానెడు పోయింది, ఆగింది.
తిప్పాను, లాగాను, మళ్ళీ తోశాను
లంగాకు బొందు ఎక్కించినట్టు,
కనబడని చోట వేళ్ళకే చూపు.

ఉన్నట్టుండి గుడగుడ.
చక్రం దగ్గర నల్లటి ముద్ద రాలింది.
తురాయి రేకులు, వేప ఈనెలు, ఊరంత దుమ్ము,
అందులో ఒక గులాబీ రంగు తళుకు కాగితం.
మొన్న మేలో బారాత్,
శ్రీనిక పైనుంచి తల బయటపెట్టి
దోసిళ్ళతో చల్లింది.
నేను ఊడ్చేయబోతుంటే
జబ్బార్ భాయ్ వంగి తీసుకున్నాడు,
బొటనవేలి గోటి మీద అతికించుకున్నాడు.
"మా నౌషీన్ షాదీది" అన్నాడు.
సాసరులో చాయ్ చల్లారిపోయింది.

రాత్రి మళ్ళీ దంచింది.
గొడుగు వేసుకుని వెళ్ళి
ఇంజన్ వేయకుండా బండిలో కూర్చున్నాను.
పైన దరువు, లోపల పొడి.
కిటికీ దించి చూస్తే
ఎడమ చక్రం వెనక దారమంత ధార,
గల్లీ నీళ్ళలో కలిసి
తీరిగ్గా మా సెల్లార్ వైపే నడుస్తోంది.

వైరు ఇంకా నా దగ్గరే ఉంది.
భాయ్ అడగలేదు.