వేట పద్దు

మందస ఠాణాలో గుమస్తాగిరీ చేసిన మా తాత
బృందావన పట్నాయక్
కవిత్వం రాయలేదు. పద్దులు రాశాడు.
చెదలు తినగా మిగిలిన ఒక్క కాగితం
నా జీడిపిక్కల గోదాములో, తూకం బల్ల సొరుగులో ఉంది.

"మద్రాసు దొర వేట ఖర్చు.
కిరసనాయిలు రెండు సీసాలు. అటుకులు. బెల్లం. చుట్టలు ఒక కట్ట.
దారి చూపినవాడికి మూడు రూపాయలు.
దుప్పి: లేదు."

ఆ 'లేదు' కింద గీత ఉంది.
గుమస్తాలు లేనిదాని కింద గీత గియ్యరు.

దొర మందస రోడ్డులో రైలు దిగేలోగా
దారి చూపేవాణ్ణి కుదర్చమని పైనించి చీటీ.
కబురు తెలిసి ముందే వచ్చీసాడు రౌతు దండాసి,
మెడలో పులిగోరు, భుజాన కొమ్ముబూర.
"బావూ, నాను తీసికెల్లినోడు
ఒట్టి సేతుల్తో ఒచ్చింది నేదు" అన్నాడు.
తాత మజ్జిగ ఇప్పించాడు.
ఆ గోరెక్కడిదని అడిగాడు.
మొదటి గుక్కలో తనే చంపిన పులిది,
గ్లాసు ఖాళీ అయ్యేసరికి మావ చంపిన పులిది.

తాతకి గుచ్చుకున్నది గోరు కాదు.
ఒక్కడూ ఒట్టి చేతుల్తో రాలేదన్న మాట.
అడవి అంత లెక్కగా ఉండదని
ఏనాడూ అడివి తొక్కని మనిషికి ఎలా తెలుసో.
శిస్తు పద్దుల్లోంచే అయ్యుంటుంది:
ఏ ఊరి లెక్క పైసా తేడా లేకుండా వస్తే
ఆ ఊరికే ముందు బయల్దేరేవాడట.

పాసింజరు బండెక్కి నౌపడ వెళ్లాడు,
కిందటేడు వేటకెళ్లి
ఈక కూడా తేని ఉప్పు ఇనస్పెక్టరు దగ్గరికి.

"ఎవడండీ తీసుకెళ్లింది?"
"సవర సుక్కయ్య. మూడు రోజులు నడిపించాడు.
ఒక్క కొమ్ము కనబళ్లేదు."
"మళ్లీ వెళ్లాల్సొస్తే?"
ఉప్పుకి పగిలిన పాదాలు రుద్దుకుంటూ
చాలాసేపు కళ్లాల వైపు చూశాడు ఇనస్పెక్టరు.
"వాడితోనే.
రెండో రాత్రి జ్వరమొస్తే మందు నూరి పోశాడు,
దిగేటప్పుడు వీపున మోశాడు.
కూలి సగమే పుచ్చుకున్నాడు."

సుక్కయ్య వచ్చి గడప బయటే నిలబడ్డాడు.
దుప్పి దొరుకుతుందనీ అనలేదు, దొరకదనీ అనలేదు.
దొరకి కాళ్లెలా ఉంటాయి? రాత్రి తాగుతాడా?
తుపాకీ ఎవరు మోస్తారు?
కోపమొస్తే ఎవరి మీద చూపిస్తాడు?
అతనడిగినవి ఇవే.
తాత అన్నిటికీ జవాబు చెప్పి
ఆఖరిదానికి మాత్రం చుట్ట వెలిగించుకున్నాడట.

తర్వాత మహేంద్రగిరి అడుగున ఏం జరిగిందో
మా ఇంట్లో రెండు రకాలుగా చెప్తారు.
నాయనమ్మ చెప్పేదాంట్లో అది చూలు దుప్పి,
సుక్కయ్య తుపాకీ గొట్టం మీద అరచెయ్యి వేశాడు.
పెదనాన్న చెప్పేదాంట్లో దొర తుమ్మాడు.
రెండిట్లోనూ చివర ఒకటే:
పొదల మధ్య తోక లేచింది,
దాని కింది తెలుపు
అగ్గిపుల్ల గీసినట్టు వెలిగి
ఆరిపోయింది.

కూలి ఇవ్వొద్దన్నాడు దొర.
మూడు రూపాయలు ఎవరి జీతంలోంచి పోయాయో
పద్దులో లేదు.

నేను వేటాడను. ఇప్పుడెవరూ వేటాడకూడదు.
అయినా పిక్కల దళారీని కుదుర్చుకునేటప్పుడు
అతని వల్ల నష్టపోయినవాడెవడో ముందు వెతుకుతాను.
పలాస బజారులో దీనికి నన్ను ఎక్కిరిస్తారు.

మొన్న శ్రీకాకుళంలో మోకాళ్ల డాక్టరమ్మ దగ్గర
గోడ నిండా నడుస్తున్న రోగుల ఫొటోలు.
"నడవలేనివాళ్ల నంబరు ఒకటి ఇప్పించండి" అన్నాను.
కాంపౌండరు నన్ను ఎగాదిగా చూశాడు.
ఆవిడ కలం మూత పెట్టింది.
మళ్లీ తీసింది.
చీటీ మీద ఒక పేరు రాసి, దాని కింద
'టెక్కలి' అని రాసి,
"నన్ను తిడతాడు, వినండి" అంది.

ఆదివారం వెళ్తున్నాను,
కుంటుకుంటూ,
పాసింజరు బండిలో.