తొడిమె

సేఠ్ కుర్చీ గుంజి నా పక్కన కూసున్నడు.
"సదివినోళ్ళ చెయ్యి దానంతట అదే మీట మీదికి పోవాలె,
అట్ల రాయి" అన్నడు.
చిద్రావార్ సేఠ్.
ఇంట్ల తెలుగు, గల్లా కాడ మరాఠీ, బ్యాంకోళ్ళతోని హిందీ.
వెబ్‌సైటుకు మూడూ కావాలె,
పైసలు మాత్రం ఒక్కదానికే.

ధర్మాబాద్. మాఘమాసం.
బండి ఆగితే దిగినోళ్ళు ముందుగాల తుమ్ముతరు,
తర్వాతనే ఊరి పేరు సదువుతరు.

"స్వచ్ఛమైన" అని రాసిన. కొట్టేసిన.
తూకంల తేడా ఉన్నోడే ఆ మాట గట్టిగ అంటడు.
"అమ్మ చేతి రుచి."
మా అమ్మ చేతికి బీడాకు వాసనే ఉండె. కొట్టేసిన.
"మమకారంల కారం."
ఇది బాసర దాంక ప్రతి గోడ మీదున్నది.
"త్వరపడండి, కొన్నే ఉన్నయి."
కిటికీలకెళ్ళి చూస్తే మిరప రాసి నా కంటె ఎత్తు.
తెల్ల తెర. దాని మీద ఒక్క గీత
కన్ను కొట్టుకుంట నిలవడ్డది,
అప్పు అడుగవచ్చి నోరు రానోని లెక్క.

కిందికి దిగిన.
షెడ్డుల పన్నెండు మంది తొడిమెలు తీస్తున్నరు.
ముక్కుకు కొంగు, బయట కండ్లు.
నాగవ్వ జరిగి గోనెసంచి సూపెట్టింది.
"కూసో. కండ్లు నలుపుకోకు."
ఒక కాయ నా చెవి కాడ ఊపింది.
గింజలు గలగలమన్నయి.
"ఎండిందని సప్పుడు చెప్పాలె బిడ్డా,
నువ్వు కాదు."

ఆమె ఇరవై ఏండ్లు అంగట్ల కూసున్న మనిషి.
"ఈ ఏడు కల్లంల వాన పడ్డది. రంగు తగ్గింది.
రంగు సంగతి మనమే ముందుగాల చెప్పినమనుకో,
ఘాటు సంగతి వాడే నమ్ముతడు."
ఆరు నెలలు ఫీజు కట్టి నేను నేర్సుకున్నది
ఆమె ఒక్క తుమ్ముకూ ఇంకో తుమ్ముకూ నడుమ చెప్పింది.

అప్పుడు చేతులు చూసిన.
వేళ్ళ కొసలు ఎర్రగ లేవు,
తెల్లగ, పొక్కి, తోలు ఊడి.
రాత్రి మీగడ పూసుకుంటదట.
మనుమనికి కాటుక పెట్టాలంటే
పక్కింటి పిల్లను పిలుస్తదట,
మిర్చి అయిపోయేదాంక.

నా లోపల ఏదో టక్కున లేచింది.
జాలి కాదు, అబద్ధమెందుకు,
మంచి వాక్యం దొరికిన సంబురం.

సిగ్గయింది. అయినా అడిగిన,
"అవ్వా, నీ చేతుల గురించి రాయాల్నా?"
తల ఎత్తలే.
"రాయి. పేరొద్దు.
కిలోకు నాకెంతిస్తరో అది గూడ రాయి.
కొనేటోనికి ఎర్కుండాలె గద, మంట ధర."

రాత్రి కూసుండి రాసిన.

ఈ ఏడు కల్లంల వాన పడ్డది, రంగు కొంచెం తక్కువ.
ఘాటు తక్కువ కాదు.
ప్రతి కాయకు తొడిమె చేతితోని తీసినం.
తీసిన చేతికి కిలోకు ఏడు రూపాయలు.

సేఠ్ మొదటి మాటకు మొకం మాడ్చిండు.
రెండోదానికి మీసం దువ్విండు.
మూడోదానికి "వ్వా" అన్నడు.
నాలుగోదాని మీద వేలు పెట్టి,
"ఇదెందుకమ్మా, బేరం పోతది" అన్నడు,
మెల్లగనే, కోపం లేకుంట.
తీసేసిన.
నా జీతం గూడ ఆ గల్లాలకెళ్ళే వస్తది.

తెల్లారేసరికి పుణె నుంచి ఎవరో ఒకామె, రెండు కిలోలు.
కింద చిన్న ముక్క:
రంగు తక్కువని చెప్పిన్రు, అందుకే.
సేఠ్ పేడాలు పంచిండు, షెడ్డుకు గూడ పంపిండు.
నాగవ్వ తన పేడా కాగితంతోనే కొంగుల కట్టుకున్నది,
ఆ వేళ్ళు నోట్ల పెట్టుకోలేక.

మూడో మాటకూ మీటకూ నడుమ
ఒక వరుస ఖాళీగ ఉంచిన.

జరుపుమన్నరు. జరపలే.
అందరు డిజైన్ అనుకుంటున్రు,
బాగున్నదంటున్రు.