ఇసుక నింపిన గొట్టం

షోరూం నుంచి వచ్చిన రోజు
దాని సీట్లకి ఇంకా ప్లాస్టిక్ తొడుగులున్నాయి.
ముందు బంపరుకి నిమ్మకాయ, మిరపకాయలు.
వినోద తాళం నా చేతిలో పెట్టి
"విప్పేయండి" అంది.

గాజువాక ఆటోనగర్, వాన వెలిసిన మధ్యాహ్నం.
కొత్త బండిని విప్పడమంటే
ముహూర్తానికి ముందే పందిరి పీకినట్టు.
కాసేపు చేతులు రాలేదు.
మస్తానయ్యే మొదలెట్టాడు:
వెనక సీటు, ఏసీ, తలుపుల లోపలి మెత్తలు,
పాటల పెట్టె, కాళ్ళ కింద తివాచీ.
మింది కాటా మీద తూస్తే
రెండొందల పది కిలోల సుఖం తగ్గింది.

తగ్గిందంతా మళ్ళీ ఇనుమై ఎక్కింది.
మూరెడు పొడుగు షాకులు,
కమాన్లకి ఇంకో రెండు పట్టీలు,
ఇంజను ఊపిరి తీసుకోడానికి టాపు దాకా గొట్టం,
వెనక ఇరుసుకి లాకు:
ఒక చక్రం గాల్లో తేలిపోయినా
రెండోది పని మానకూడదు.
ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే
"నాకా లాకు ఎప్పుడో వేశారుగా" అంది మా ఆవిడ.

నాది పంజరం పని.
షిప్‌యార్డులో ఓడల కడుపుల్లో దూరి
ఇరవై రెండేళ్ళు కాంట్రాక్టు వెల్డింగు.
నీళ్ళు లోపలికి రాకూడదని ఇన్నాళ్ళూ అతికాను.
మనిషి బయటికి రావాలని అతకడం
ఇదే మొదలు.

గొట్టం వంచాలంటే ఇసుక కావాలి.
ఉత్త గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోతుంది.
ఇసుక దట్టించి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి,
ఎర్రగా కాల్చి వంచితే
ముడత పడదు,
కడుపు నిండిన మనిషి దండం పెట్టినట్టు వంగుతుంది.
పోలారావు అప్పికొండ నుంచి సంచీడు తెచ్చాడు.
ఉప్పు పోయేదాకా కడిగి, రేకు మీద వేయించాను.
చెమ్మ మిగిలితే గొట్టం తుపాకీ అవుతుంది.

తోలి చూడ్డానికీ అప్పికొండే, తెల్లవారకుండా.
మొదటి రోజే కూరుకుపోయింది, ఇరుసు దాకా.
వినోద తొక్కినకొద్దీ దిగింది.
తెప్పలు లాగి కాయలు కాసిన చేతుల్తో
పోలారావు చక్రాన్ని తట్టాడు.
"ఇసక మీద జబర్దస్తీ సెల్లదమ్మా.
తెప్పకి అడుగు సదునుగుంటాది, సూడు.
దీన్ని కూడా తెప్ప సెయ్యి."
టైర్లలో గాలి సగానికి పైగా వదిలాం.
ఆ ఉస్సుమనే చప్పుడుకి
ఒడ్డున పడుకున్న కుక్క లేచి దూరం జరిగింది.
అప్పుడు కదిలింది బండి,
మెత్తటి పాదాల ఏనుగులా.

జైసల్మేరు నేను చూళ్ళేదు.
అక్కడ తుప్పు పట్టదట.
మా ఊళ్ళో కొత్త మేకు కూడా
మూడు నెలలకి ముసలిదవుతుంది.
తుప్పు లేని చోట వెల్డర్లు
ఏం చేసి బతుకుతారని మస్తానయ్య బెంగ.

మూడో రోజు రాత్రి ఫోను.
దిబ్బ అవతలి వాలు కనపడలేదట, మూడు పల్టీలు.
వినోద గొంతు మామూలుగానే ఉంది.
"ముందు ఇరుసు విరిగింది. మన రేసు అయిపోయింది.
మీ గొట్టాలు నిలబడ్డాయి. టీ తాగుతున్నాను."
ఏమనాలో తోచక
పంచదార సరిపోయిందా అని అడిగాను.

లారీ మీద తిరిగొచ్చింది, తాళ్ళతో కట్టి.
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
ఒక్కో అతుకూ వేలితో తడిమాను.
ఎక్కడా పగులు లేదు.
ఎడమవైపు గొట్టం ఒక్కటి సొట్టపోయింది.
కోస్తే లోపల్నుంచి ఇసుక జారింది, పిడికెడు.
నాదే తప్పు, సరిగ్గా దులపలేదు.
అప్పికొండ ఇసుక
ఎడారికెళ్ళి, మూడు పల్టీలు కొట్టి,
ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చింది.

ఛాసిస్ సందుల్లోంచి ఇంకో ఇసుక రాలింది,
పసుప్పచ్చగా, పిండిలా సన్నంగా.
పోలారావు నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.
"సప్పిడి. ఇది సేపని సూళ్ళేదు."

వినోద కొత్త ఇరుసుకి డబ్బు కట్టేసింది.
నేల మీది రెండు ఇసుకల్నీ చీపురుతో ఒకచోటికి తోసి
కొత్త గొట్టంలో పోశాను,
సుత్తితో తడుతూ.
జానెడు దాకానే వచ్చింది.
పోలారావు సంచీ దులుపుకుని
అప్పికొండ ఆటో ఎక్కాడు.