కాటా ఎక్కి పో, యశోదమ్మా

చీటీ పాట నీకే తగిలిందంట గదా.
శ్రీనగరుకు టికెట్టు తీసినావంట.
దామలచెరువు మండీ అంతా నవ్వతా ఉండాది,
కాటా కాడ తూకం చీట్లు రాసేదానికి
మంచుకొండలేందని.
నవ్వనీ. నవ్వేటోళ్ళలో ఒకడు గూడా
రేణిగుంట దాటినోడు కాదు.

నేను చెప్తా విను.
పద్నాలుగేండ్లు ఆ దోవన లారీ తోలినోణ్ణి,
ఎండల్లో మన బేనీషా ఎక్కించుకోని పోతి,
చలి ముదిరేలోపల వాళ్ళ ఆపిల్ ఎక్కించుకోని వస్తి.

మొదట ఫోను సంగతి.
మన ప్రీపెయిడ్ సిమ్ము జమ్మూ రాంగానే మూగదైపోతాది.
నీ కూతురికి ముందే చెప్పిపెట్టు,
లేకుంటే లోయలో పడిపొయ్యిందని శోకాలు పెడతాది.

స్వెట్టర్లు తిరుపతి గాంధీ రోడ్డులో కొనొద్దు.
ఆడే దొరకతాయి. సగానికి అడుగు,
ఆమైన సిగ్గుపడి రవంత పెంచు.
శాలువ ఉంగరంలో దూరతాదని చూపిస్తారు,
వాళ్ళ ఉంగరంలోనే.
నువ్వు నీది తీసి ఇయ్యి.

చెవుల్లో దూది మరవద్దు.
చీర కింద ప్యాంటు తొడుక్కో, ఎవురూ చూడరు,
చూసినా మన మండీవోళ్ళు కాదు గదా.

దాల్ అంటే పప్పు కాదు, చెరువు.
మా క్లీనరు గుర్రప్ప
పప్పనుకోని గిన్నె పట్టుకోని దిగినాడు పాపం.

టీ అడిగితే ఒగోసారి ఉప్పు టీ ఇస్తారు,
రోజా పువ్వు రంగులో.
మొదటి గుక్క ఊసెయ్యొద్దు.
మూడో గుక్కకు మన మజ్జిగ గుర్తొస్తాది.

ఊరి నడాన గుట్ట మింద శివుడి గుడి ఉండాది.
రెండొందల పైచిలుకు మెట్లంట.
అలిపిరి ఎక్కిన మోకాళ్ళకు అదొక లెక్కా!

సంచి తెరవమంటారు. తెరువు.
చెనిక్కాయల పొడి ఏందని అడగతారు, రుచి చూపించు.
ఒక రేత్రి తుపాకీ పట్టుకున్నోడు
నా నంబరు ప్లేటు మింద లైటేసి
"ఏ ఊరన్నా" అన్న్యాడు.
పలమనేరోడు.
ఇద్దురమూ ఇంకేమీ మాట్లాడుకోలా.
పొమ్మని చెయ్యూపినాడు.

రామ్‌బన్ కాడ కొండ జారితే దిగులు పడొద్దు.
నాకు ఒగపారి అయిదు దినాలు.
ముందర లారీలు, ఎనకాల లారీలు, కింద నది గొంతు.
మూడో దినానికి సరుకంతా మాగి
లోయ నిండా దామలచెరువు వాసన.
ఇంక లాభమేముంది, పెట్టెలు పగలగొట్టి పంచేసినా.
సుల్తాన్ కాక్ అని ఒక ముసలాయన
గెడ్డమంతా రసం కార్చుకోని,
టెంక నోట్లో పెట్టుకోనే
నాకు ఏందో చెప్పినాడు. వాళ్ళ భాష.
నాకు తెలీలా, ఇప్పటిదాకా.
జేబులో నుంచి అక్రోట్లు తీసి
లెక్కపెట్టకుండా నా దోసిట్లో పోసినాడు.
షావుకారు ఆ నష్టం రెండేండ్లు నా కూలిలో కోసినాడు.
అక్రోటు ఒకటి మాత్రం
ఇంగా డాష్‌బోర్డు అరలోనే ఉండాది.

ఇంతా చెప్పినా గదా,
ఒక మాట నీకాడ దాచకూడదు.
ఆ చెరువు నేను చూడలా.
పగలు పెద్ద బండ్లు ఊర్లోకి రానియ్యరు నన్ను.
రేత్రి మండీకి పోవాల, ఎక్కించుకోవాల,
తెల్లారేలోపల దాటుకోవాల.
పడవలూ తామరలూ నీళ్ళ మింద కూరగాయల సంతా
అన్నీ టీ అంగట్లో క్యాలెండరులో చూసిండేవే.
నేను చూసిన శ్రీనగరు
తడిసిన టార్పాలిను, పసుపు లైటు, ఆపిల్ పెట్టెల్లో గడ్డి,
కుంపటి ఫిరన్ లోపల పెట్టుకోని
ఆవులించే కూలోళ్ళు.

నాకు శాలువ తేవద్దు, కుంకుమపువ్వు తేవద్దు.
పడవలో కూసున్నప్పుడు
చెయ్యి నీళ్ళలో పెట్టి అంకెలు లెక్కపెట్టు.
ఎన్నో అంకెకు చెయ్యి తీసినావో
వచ్చినాక చెప్పు, చాలు.

ఇంగొకటి.
నా బండిని ఇన్నేండ్లు తూచినావు,
ఖాళీ బరువు ఒకసారి, లోడు బరువు ఒకసారి,
తేడా చీటీలో రాసి ఇస్తివి.
పొయ్యే దినం పొద్దున
ఎవురూ లేనప్పుడు కాటా ఎక్కు.
వచ్చిన దినం మల్లా ఎక్కు.
పది కేజీల లోపు తేడా ఆ మిషనుకు తెలీదు,
నాకూ తెలుసు.
అయినా ఎక్కు.